బాగాలేకపోతే రెండు నొక్కండి

ఆరేళ్లుగా ఒక మాటలో సగాన్ని మోస్తున్నాను. మొదటి సగం కాగితం మీదికి వెళ్లింది. రెండో సగం నా దగ్గరే ఉండిపోయింది. అది చిన్నదే, పలకడానికి ఒక్క ఊపిరి చాలు. అయినా ఇన్నేళ్లలో ఎవరి ముందూ పలకలేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక సంగతి స్పష్టం చేస్తాను. నేను దయ్యాలను నమ్మను. ఆత్మను నమ్మను, శాపాన్ని నమ్మను, కర్మను నమ్మను. ఇది చదువుతుండగా మీకు ఎక్కడైనా ఒళ్లు జలదరిస్తే దాని కారణం అక్కడే చెబుతాను. ప్రతిదానికీ కారణం ఉంది. కారణం తెలిశాక కూడా భయం పోకపోతే ఏం చెయ్యాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. నాన్న ప్రభుత్వోద్యోగి. ఆదివారాలు ఇతర పిల్లలు సినిమాకు వెళితే నన్ను హేతువాద సభలకు తీసుకువెళ్లేవాడు. పదేళ్లకే బల్ల మీద నిలబడి, గాల్లోంచి విభూతి తీసే స్వామిని "రుజువేదీ?" అని అడిగాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల రుచి చిన్నప్పుడే తగిలింది నాకు. తర్వాత నా ర్యాంకుకు హోమియో సీటు వచ్చింది. చదివాను, పాసయ్యాను, కానీ నమ్మలేకపోయాను. నమ్మని మందును ఇంకొకరి నాలుక మీద వేయడం మోసం కాదా? అందుకని ప్రాక్టీసు పెట్టలేదు. హైటెక్ సిటీలో ఒక ఆరోగ్య బీమా సంస్థ ఆఫీసులో చేరాను. ఆసుపత్రులు పంపే కాగితాలు చూసి, ఈ రోగి చికిత్సకు బీమా వర్తిస్తుంది, ఈ రోగికి వర్తించదు అని రాయడం అక్కడ మాబోటి డాక్టర్ల పని. నిజాయితీ కోసం ఆ ఉద్యోగం ఎంచుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

సభల్లో మాట్లాడి మాట్లాడి నా గొంతు సాపుగా ఉండేది. ఆఫీసువాళ్లు దాన్ని గమనించారు. పాలసీదారులకు నెలకోసారి కంప్యూటరు చేసే ఫోన్‌కు తెలుగు గొంతు కావాలన్నారు. ఓ చిన్న గదిలో కూర్చోబెట్టి చదివించారు. "నమస్కారం. మీ ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి చేస్తున్న కాల్ ఇది. మీరు బాగుంటే ఒకటి నొక్కండి. బాగాలేకపోతే రెండు నొక్కండి. మీ కోసం మేమున్నాం." చివరి వాక్యాన్ని నాలుగుసార్లు చెప్పించుకున్నారు. ఇంకాస్త ఆప్యాయంగా, ఇంకాస్త, అంటూ.

అప్పటి నుంచి నా గొంతు నన్ను వదిలేసి ఊరంతా తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి చందానగర్ మార్కెట్‌లో కూరగాయలు కొంటుంటే పక్కనున్న ముసలాయన ఫోన్‌లోంచి అది నన్ను పలకరించింది. మీ కోసం మేమున్నాం. ఆయన ఒకటి నొక్కి బెండకాయలు విరిచి చూడడంలో పడ్డాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నేను మాట్లాడకుండా నేను మాట్లాడడం విన్నాను. ఇందులో వింత లేదు, రికార్డింగ్ అంతే. కానీ ఆ రోజు కూరగాయల మనిషితో బేరమాడడానికి నోరు తెరవాలంటే ఎందుకో సంకోచం కలిగింది.

ఇక ఆ మనిషి సంగతికి వస్తాను.

పేరు రాయను. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో నడిపేవాడు. ఆ అద్దాల టవర్లలో పనిచేసేవాళ్లను రోజూ దింపి, ఎక్కించుకుని, వాళ్ల మెడల్లో వేలాడే కార్డులు చూసి, వాళ్లకున్నట్టే తన ఇంటికీ ఒక ఆరోగ్య కార్డు ఉండాలని సొంతంగా పాలసీ తీసుకున్నాడు. రెండేళ్లు ఆ కార్డు అవసరం పడలేదు. తర్వాత ఒంటికి కామెర్లొచ్చి, కాలేయం దెబ్బతిని, మా జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే చేరాడు. అనుమతి కోసం కాగితాలు నా తెర మీదికి వచ్చాయి. కాలేయం ఎందుకు దెబ్బతిన్నదో ఇంకా తేలలేదని రాశారు. పాలసీ తీసుకోక ముందే ఆ జబ్బు ఉండి, దాన్ని దాచి ఉంటే, మా నిబంధన ప్రకారం బీమా వర్తించదు. అనుమానం ఉన్నచోట మేమే ఆసుపత్రికి వెళ్లి విచారించాలి. ఒక ఉదయం నేనే వెళ్లాను.

ఐసీయూలో ఒక్క నిమిషం చూడనిచ్చారు. మనిషి స్పృహలో లేడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, పసుపు పచ్చగా. కుడి మణికట్టు లోపలి వైపు రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. నాకు వెంటనే తెలిసిపోయింది. వాత. కామెర్లకు ఇనుము కాల్చి పెడతారు. ఆ మూఢత్వం మీద నేను ఎన్ని సభల్లో మాట్లాడానో, ఎన్ని వ్యాసాలు రాశానో. నా లోపల ఏదో భగ్గుమంది. దొరికారు అనుకున్నాను. ఏమిటి దొరికింది? ఎవరు దొరికారు? అప్పుడు నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

బయట కుర్చీల్లో ఆయన భార్య, పదేళ్ల కూతురు ఉన్నారు. నేను నమస్కారం అనగానే ఆమె లేచి నిలబడి నా ముఖంలోకి చూసింది.

"ఫోన్ల మాట్లాడే మేడం మీరేనా? గొంతు గదే ఉన్నది."

"నేనేనమ్మా," అన్నాను.

"అవ్వ, ఇన్ని దినాలు మిషన్ అనుకున్న. మాయన జోకులు గొట్టేటోడు మేడం. నీకంటె ఆ మేడమే నన్ను మంచిగ అరుసుకుంటదని."

అరుసుకోవడం అంటే బాగోగులు అడగడం. ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నేను ఆ నమ్మకాన్ని వాడుకున్నాను. గొంతు ఇంకాస్త ఆప్యాయంగా పెట్టాను. పెట్టడం నాకు నేర్పారు కదా.

"ఇదివరకు ఆయనకు కామెర్లు వచ్చాయా అమ్మా?"

"లే మేడం. ఎన్నడు రాలే."

"మరి చేతి మీద ఆ మచ్చ?"

"అదా, వాత వెట్టిచ్చినం. మూడేండ్లయితది. మా చెల్లె బిడ్డకు కామెర్లయినయి. ఇంట్ల ఒక్కలకైతే అందరికి వెట్టిస్తరు మా దిక్కు. ఈయనకేం కాలే మేడం, మంచిగనే ఉండె. నాకు గూడ వెట్టిన్రు, గిదో." గాజులు పైకి జరిపి చూపించింది. రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. తర్వాత కూతురి చెయ్యి లాగి చూపించింది. అదే చోట, అదే మచ్చ. పిల్ల ఎదిగినకొద్దీ కొంచెం సాగింది, అంతే తేడా.

"చిన్నపిల్లకు కూడానా?" అన్నాను.

"మస్తు ఏడ్చింది మేడం. అందుకే ముందుగాల ఆయననే వెట్టిచ్చుకున్నడు. బిడ్డ భయపడొద్దని."

నేను రాశాను. "రోగికి మూడేళ్ల కిందట కామెర్ల నిమిత్తం వాత వేయించారు. కుడి మణికట్టుపై మచ్చ ఉంది. ఈ వివరాలు రోగి భార్య చెప్పినవి." రాసి ఆమెకు చదివి వినిపించాను. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది? అందులో ఒక్క అబద్ధం లేదు. కింద సంతకం పెట్టబోతూ పెన్ను ఆపి అడిగింది.

"అంత రాసిన్రా మేడం?"

"అంతా రాశానమ్మా."

ఆమె సంతకం పెట్టింది.

నేను చెప్పిన అబద్ధం ఆ ఒక్కటే. మిగతాదంతా నిజం. మూడు మచ్చలు చూసి ఒక మచ్చ రాశాను. ఒక మాటలో సగం రాశాను. పాలసీకి ముందే జబ్బు ఉందని అనుకోవడానికి ఆ సగం చాలు.

నాపై అధికారి ఒత్తిడి తెచ్చాడని, సంస్థ ఇలా చేయమందని మీరు అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. వ్యవస్థ మీద నిప్పులు చెరగడం నాకు వచ్చు. కానీ ఆ రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ రెండో సగం రాసి ఉంటే అదే కాగితం మీద అనుమతి వచ్చి ఉండేది. నేనెందుకు రాయలేదు? ఆ పిల్ల చేతి మీది మచ్చ చూసి కోపం వచ్చిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కోపం వచ్చిన మాట నిజమే. కానీ అంతకంటే లోపల ఇంకొకటి ఉంది. వీళ్లకు బుద్ధి రావాలి అనుకున్నాను. ఇనుము కాల్చి ఒంటికి పెట్టుకునేవాళ్లకు సైన్సు మీద, ఆసుపత్రి మీద హక్కేముంది అనుకున్నాను. అంటే శిక్ష వేశాను. పాపానికి శిక్ష ఉంటుందన్న మాటను ఎగతాళి చేస్తూ పెరిగిన మనిషిని, కుర్చీ దొరకగానే నేనే ఆ దేవుణ్ణయి కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే తిరస్కరణ వెళ్లింది. సాయంత్రానికి ఆయనను ప్రభుత్వ దవాఖానకు మార్చారు.

మరునాడు మొదటి ఆసుపత్రి నుంచి ఇంకో కాగితం వచ్చింది. పరీక్ష ఫలితం. ఇది కొత్తగా సోకిన వ్యాధి, పాత జబ్బు ఆనవాళ్లు లేవు, నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించండి అని. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. నిర్ణయం మార్చాలంటే ఆమె చెప్పిన రెండో సగం ఇప్పుడు రాయాలి. రాస్తే నిన్నెందుకు రాయలేదని అడుగుతారు. అంతే. ఒక మనిషి ప్రాణానికి ఎదురుగా నేను పెట్టి తూచింది ఆ చిన్న ప్రశ్నను. "పాత నిర్ణయమే ఖాయం" అన్న చోట నొక్కాను. నాలుగో రోజున ఆయన పోయాడు. మొదటి ఆసుపత్రిలో నాకు తెలిసిన నర్సు ఒకామె వేరే పని మీద ఫోన్ చేసి, మాటల మధ్యలో చెప్పింది.

అక్కడే ఉండి ఉంటే బతికేవాడా? తెలియదు. రుజువు లేదు. "రుజువు లేదు" అన్న మాటతోనే నా జీవితమంతా ఎదుటివాళ్లను ఓడించాను. ఇప్పుడు ఆ మాటే నన్ను కాపాడతానని గుమ్మంలో నిలబడుతుంది. దాన్ని లోపలికి రానివ్వను.

ఆ తర్వాత చేసింది చెప్పడం అన్నిటికంటే కష్టంగా ఉంది. ఆ నెలలోనే ఒక సభలో మాట్లాడాను. "మొన్ననే నా కళ్లతో చూశాను, వాతను నమ్మిన ఒక కుటుంబం ఇంటిపెద్దను పోగొట్టుకుంది" అన్నాను. ఇందులోనూ అబద్ధం లేదు, చూడండి. వాతను నమ్మారు. ఇంటిపెద్ద పోయాడు. రెండు నిజాలను పక్కపక్కన పెట్టాను. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో నాన్న కూడా కొట్టాడు.

తర్వాతి నెల మొదటి సోమవారం, పగలు పదకొండు గంటలు. నెలవారీ ఫోన్లకు "రెండు" నొక్కినవాళ్ల పేర్లు నా తెర మీదికి వస్తాయి, నేను తిరిగి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ జాబితాలో ఆయన పేరుంది. వయసు నలభై ఒకటి. పరిస్థితి: బాగాలేదు.

కారణం చెబుతాను. పాలసీ రద్దయినా ఫోన్ల జాబితా వేరే ఉంటుంది, అందులో పేరు తీసేయాలంటే మరణం నమోదు కావాలి. మేము చెల్లించిన కేసుల్లోనే మరణం మా దగ్గర నమోదవుతుంది. మేము తిరస్కరించిన మనిషి మా కంప్యూటరులో చచ్చిపోడు. కాబట్టి నా గొంతు ఆయన ఫోన్‌కు వెళ్లింది. మీరు బాగుంటే ఒకటి, బాగాలేకపోతే రెండు. ఎవరో రెండు నొక్కారు. ఎవరో ఏమిటి, ఆమే. ఫోన్ ఆమె దగ్గర ఉంటుంది. ఇంతకంటే సరళమైన వివరణ లేదు.

"సంప్రదించాం, సమస్య లేదు" అని రాసి మూసేశాను. ఫోన్ చేయలేదు.

మరో నెల మొదటి సోమవారం మళ్లీ ఆయన పేరు. బాగాలేదు. మూసేశాను. ఆ పై నెల మళ్లీ. ఆరేళ్లుగా ఒక్క నెల తప్పలేదు. ఏడాది తిరిగేసరికి ఆయన వయసు నలభై రెండయింది. తర్వాత నలభై మూడు. ఎవరూ పెంచడం లేదు, పుట్టిన తేదీని బట్టి కంప్యూటరే లెక్కకట్టుకుంటుంది. ఆయన నా తెర మీద పెద్దవాడవుతున్నాడు, ప్రతి నెలా బాగాలేనంటున్నాడు, నేను ప్రతి నెలా సమస్య లేదంటున్నాను. ఇప్పుడాయన నాకంటే రెండేళ్లు పెద్ద. మొదట్లో నాకంటే చిన్నవాడన్న భ్రమ ఎలా కలిగిందో తెలియదు. ఎప్పుడూ రెండేళ్లే పెద్ద. లెక్క ఎక్కడికీ పోదు కదా. అయినా ఒకరోజు కాగితం మీద తీసివేత చేసి చూసుకున్నాను.

మియాపూర్ నుంచి మెట్రోలో వస్తాను. రద్దీలో అందరూ పైన వేలాడే పట్టీలు పట్టుకుంటారు, కూర్చున్న నా కళ్లకు ఎదురుగా మణికట్లు వరసగా వేలాడుతుంటాయి. చూడకూడదనుకుంటాను. చూస్తాను. ఆ గుండ్రటి మచ్చ నేను ఊహించినదానికంటే ఎక్కువమందికి ఉంది. ల్యాప్‌టాప్ సంచీలు తగిలించుకున్నవాళ్లకు, ఖరీదైన గడియారాలు పెట్టుకున్నవాళ్లకు. చిన్నప్పుడు ఎవరో పెట్టించి ఉంటారు. వాళ్లంతా ఆరోగ్యంగా, చెవుల్లో పాటలు పెట్టుకుని ఆఫీసులకు పోతున్నారు. వాత జబ్బును తగ్గించదు. జబ్బుకు రుజువూ కాదు. ఈ రెండో వాక్యం నాకు ఆ రోజు కూడా తెలుసు.

పోయిన నెల మొదటి సోమవారం నేను ఫోన్ చేశాను. ఎందుకు ఆ రోజే అంటే చెప్పలేను. అంతకు ముందు వారం నాన్న పోయాడు. అదే కారణమేమో, నాకు రుజువు లేదు. ఆఫీసులో అద్దాల గది ఒకటుంది, అందులోకి వెళ్లి తలుపు వేసుకుని ఆఫీసు లైన్ నుంచే చేశాను. కింద రోడ్డు మీద ఎండ తెల్లగా మెరుస్తోంది. రెండు రింగులకు ఎత్తారు.

"నమస్కారం," అన్నాను.

జవాబుగా, మీట నొక్కినట్టు చెవిలో ఒక చిన్న కూత వినిపించింది. నా ముందున్న తెర మీద "2" అని పడింది.

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. అదే నంబరు, అదే గొంతు, అదే మొదటి మాట. ఆమె నన్ను రికార్డింగ్ అనుకుంది. ఫోన్‌ను ఎక్కడో స్టీలు గిన్నె పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. "అమ్మా, నేను, నిజంగా నేనే" అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే సాపుగా, ఆప్యాయంగా వచ్చింది. ఇంకో రకంగా మాట్లాడడానికి ప్రయత్నించాను. రాలేదు. అలాగే చెప్పడం మొదలుపెట్టాను. మచ్చల గురించి, సగం మాట గురించి, మరునాడు వచ్చిన కాగితం గురించి, సభ గురించి. నేను చెబుతుండగానే దూరంగా వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"ఎవలే అమ్మా?" పిల్ల గొంతు. ఇప్పుడు పదహారేళ్లుంటాయి.

"ఆ ఫోన్ల మేడమే. మీ నాయిన ఎట్లున్నడని అడుగుతది."

"ఇంక బంద్ చెయ్యమనరాదే. ఏం జెప్తవ్ దానికి?"

"బాగలేడని చెప్తున్న. అడగనీ బిడ్డా. ఆయన్ని అరుసుకునేటోళ్లు ఇంకెవరున్నరు?"

కుక్కర్ కూత పెట్టింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. నా గొంతు ఆ వంటింట్లో గిన్నె పక్కన మొత్తం ఒప్పుకుంది. వినేవాళ్లు ఎవరూ లేరు. కాసేపటికి ఎవరో ఫోన్ తీసి కట్టేశారు.

ఇది ఒప్పుకోవడం కిందికి వస్తుందా? చెప్పాను, కానీ ఆమె వినలేదు. పోనీ వినే, నన్ను గుర్తుపట్టే, తగిన జవాబుగా ఆ రెండు నొక్కిందా? ఆ మాటలు నాకు వినిపించాలనే అన్నదా? ఆలోచించాను, తేలలేదు. మళ్లీ చేస్తే మళ్లీ నా గొంతే పలుకుతుంది. ఇంటికి వెళ్లి ఎదుట నిలబడాలి. నిలబడతాను. ఆ రోజు ఇంకా రాలేదు, వచ్చిందని చెప్పి మీ దగ్గర మార్కులు కొట్టేయను.

ఇంకో చిక్కు ఉంది. కేసు తిరగదోడి నిజం రాస్తే మరణం నమోదవుతుంది. నమోదైతే ఆ ఫోన్ ఆగిపోతుంది. ఆయన ఎలా ఉన్నాడని నెలకోసారి అడిగే ఒక్క గొంతు కూడా ఆ ఇంటికి రాకుండా పోతుంది. ఈ సాకుతో మూడు వారాలు గడిపాను. సాకు అని గుర్తుపట్టడానికి మూడు వారాలు పట్టింది.

ఈ ఉదయం ఆఫీసుకు వచ్చి ఆయన కేసు తెరిచాను. ఎందుకు తెరుస్తున్నారు అని కంప్యూటరు అడిగింది. కారణాలు ఓ పది చూపించింది. ఏదీ సరిపోలేదు. "ఇతరం" అన్న గడిలో రాసుకోవచ్చు. రాశాను. కింద నా పూర్తి పేరు పెట్టి పంపించాను. అది ఎవరి బల్ల మీదికి వెళుతుందో, నన్నేం చేస్తారో తెలియదు. దీన్ని క్షమాపణ అనను. ఎవరూ నన్ను క్షమించలేదు, అడిగే మొహం కూడా నాకు లేదు. కానీ ఆరేళ్లుగా గొంతులో అడ్డుపడి ఉన్నది ఇప్పుడు బయట ఉంది, అందరూ చదవగలిగే చోట.

గడిలో రాసింది ఇది. "ఇంట్లో ఒకరికి కామెర్లొస్తే అందరికీ వాత పెట్టించడం వారి ఆచారం. జబ్బు మరదలి బిడ్డకు వచ్చింది. రోగికి రాలేదు. రోగి భార్య చేతికి, కూతురి చేతికి కూడా అదే మచ్చ ఉంది, నేను చూశాను. కూతురు భయపడకూడదని ఆయన ముందు తాను పెట్టించుకున్నాడు. ఇదంతా ఆమె ఆ రోజే నాతో చెప్పింది."

అంత రాసిన్రా మేడం, అని అడిగింది ఆమె.

ఇప్పుడు రాశానమ్మా.